తూర్పు ముఖం ఇల్లు, పడమటి గాలి

మిస్సిసాగాలో ఇల్లు వెతుక్కునే రోజుల్లో మా ఆయన బేరం కన్నా ముందు దిక్కు చూసేవారు. ఏజెంటు తాళం తీసేలోపే డ్రైవ్‌వే మధ్యలో నిలబడి, ఫోన్‌లో దిక్సూచి తెరిచి, అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిరిగేవారు. ఇల్లు దక్షిణం వైపో పడమర వైపో చూస్తోందని తేలితే ఇక గడప తొక్కేవారు కాదు. "ఇది మనకి పనికిరాదండీ" అని ఏజెంటుకి చెప్పి కారెక్కేసేవారు. మంచి మంచి ఇళ్ళు, చెట్లున్న వీధుల్లో, పక్కనే పార్కులున్నవి, అలా చూడకుండానే వదిలేశాం. ఒకసారి ఉండబట్టలేక, "మనం ఇల్లు చూడ్డానికి వచ్చామా, శంకుస్థాపన చేయించడానికి వచ్చామా?" అని అడిగాను. ఆయన నవ్వలేదు. వాస్తు దగ్గర ఆయనకి హాస్యం ఉండదు. సాఫ్ట్‌వేర్‌లో ఇంత పెద్ద ఉద్యోగం చేసే మనిషి, లాజిక్ తప్పితే జూనియర్ల మీద ఎగిరిపడే మనిషి, దిక్కుల విషయంలో మాత్రం వాళ్ళ అమ్మగారి కొడుకే.

చివరికి వరస ఇళ్ళలో ఒకటైన ఈ టౌన్‌హౌస్ దొరికింది. నిఖార్సైన తూర్పు ముఖం. ఏజెంటు కూడా తెలుగువాడే కాబట్టి ఆ విలువ అతనికి తెలుసు. "ఇలాంటిది మళ్ళీ రాదు సార్, ఇవాళే కొంటామని ఆఫర్ పెట్టకపోతే మనవాళ్ళే ఎగరేసుకుపోతారు" అన్నాడు. వెనక చిన్న పెరడు, పెరటి వెనక ఎత్తైన సిమెంటు గోడ, ఆ గోడ అవతల హైవే. నాలుగు వందల ఒకటో నంబరు పెద్ద హైవేలోకి వెళ్ళి కలిసేది అదే. గోడ ఉంది కాబట్టి రోడ్డు కనబడదు, హోరు మాత్రం వినబడుతుంది. "వారం రోజులు మేడమ్, తర్వాత సముద్రం పక్కన ఉన్నట్టే ఉంటుంది" అన్నాడు. నేను కాకినాడలో పుట్టి పెరిగినదాన్ని. సముద్రం హోరు ఎలా ఉంటుందో నాకు ఇతను చెప్పాలి!

ఇల్లు తూర్పు చూస్తే వీపు పడమరకి ఉంటుంది. ఈ ఊళ్ళో గాలి ఎక్కువ రోజులు పడమటి నుంచే కొడుతుంది. ఇంటి వీపు వెనకేమో రాత్రీ పగలూ లారీలు. ఈ మూడు సంగతులూ మాకు తెలియనివి కావు, కలిపి ఆలోచించాలని మాత్రం ఎవరికీ తట్టలేదు. పైగా ఇంటి యజమాని నైరుతి గదిలో పడుకోవాలట. నైరుతి అంటే మాకు మేడ మీద వెనక గది. దాని కిటికీ సరిగ్గా గోడ మీదుగా హైవే మీదికి తెరుచుకుంటుంది. మా ఆయనకి గాలి ఆడకపోతే నిద్ర పట్టదు. మంచు కురిసే రోజుల్లో కూడా ఆ కిటికీ వేలెడంత తెరిచి పడుకునేవారు. చలికి నేను రెండు రజాయిల కింద వణుకుతూ తిట్టుకునేదాన్ని.

ఆ కిటికీ గట్టు మీద ఎప్పుడూ నల్లటి పొడి పేరుకునేది. తడిగుడ్డ పెట్టి తుడిస్తే గుడ్డకి కాటుక అంటినట్టయ్యేది. వేసవిలో కరివేపాకు కుండీ పెరట్లో పెడితే, కోసిన రెమ్మని రెండు మూడు నీళ్ళు పోసి కడిగితే గానీ పోపులో వేయబుద్ధయ్యేది కాదు. దుమ్ము అనుకునేదాన్ని. ఎక్కడ లేదు దుమ్ము?

ఆయనకి దగ్గు మొదలైనప్పుడు కూడా చలి వల్ల అనుకున్నాం. తర్వాత హీటర్ వల్ల అనుకున్నాం. మిరియాల కషాయం అయింది, శొంఠి అయింది, ఆవిరి పట్టడం అయింది. మెట్లెక్కి పైకొచ్చి మంచం మీద కూర్చుని, మాట్లాడటానికి కాసేపు ఆగాల్సి వస్తుంటే అప్పుడు భయం వేసింది. స్కాన్లు తీశారు. ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని, ఒకసారి గట్టిపడిన చోటు మళ్ళీ మెత్తబడదని డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించింది. సిగరెట్ చేత్తో కూడా పట్టుకోని మనిషి. "రోడ్డు పక్కన ఉండటం వల్ల వచ్చిందా?" అని అడిగాను. అదే కారణమని చెప్పలేను, కాదని కూడా చెప్పలేను అంది. ఆవిడ తప్పేం లేదు, నిజమే చెప్పింది. కానీ ఆ మాట పట్టుకుని ఎవరి మీద కోప్పడాలి?

ఆవిడ చెప్పిన వాటిలో మాకు అర్థమైంది ఒక్కటే. రోజూ నడవాలి. నడక మానేస్తే ఉన్న ఊపిరి కూడా తగ్గిపోతుంది. కానీ చెడ్డ గాలిలో నడవకూడదు. చెడ్డ గాలి ఏదో, మంచి గాలి ఏదో కంటికి తెలియదు కదా. వాటర్లూలో ఉద్యోగం చేసే మా అమ్మాయి నా ఫోన్‌కి గాలి ఎక్కడెలా ఉందో చూపించే రెండు మ్యాపులు పంపింది. "చెక్ బిఫోర్ యూ గో అవుట్, అమ్మా. ఎవ్రీ టైమ్" అంది.

మొదటిది అందరూ చూసేది. ఊరంతటికీ ఒకే అంకె ఇస్తుంది. పచ్చగా ఉంటే మంచిది, అంకె పెరిగేకొద్దీ రంగు ముదురుతుంది. ఆ అంకెని కొలిచే యంత్రం మా ఇంటి నుంచి ఎక్కడో దూరాన, చెట్ల మధ్య ఉంటుంది. రెండోది ఎవరో యూనివర్సిటీ వాళ్ళు తయారుచేసింది. అందులో వీధి వీధికీ రంగు వేరు. పెద్ద రోడ్లన్నీ ఊదారంగు చారల్లా కనిపిస్తాయి, వాటి పక్కన రంగు కాస్త పలచబడుతూ పోతుంది. మొదటి రోజే మా ఇల్లు ఎక్కడుందా అని వేళ్ళతో పెద్దది చేసి చూశాను. మా పైకప్పు సగం ఊదారంగులో ఉంది. ఆ సగం మా పడకగది.

మా అత్తగారు వర్జ్యం, రాహుకాలం చూడనిదే ఎవరినీ కాలు బయట పెట్టనిచ్చేవారు కాదు. ఆవిడని చూసి నేను లోలోపల నవ్వుకునేదాన్ని. అలాంటిది నేనే లేవగానే మ్యాపు, గాలి ఎటు కొడుతోంది, స్కూలు బస్సులు ఎప్పుడు వస్తాయి, చెత్తబండి రోజా కాదా, ఇవన్నీ చూసి ఆయనకి ముహూర్తం పెట్టేదాన్ని. పిల్లల్ని దింపే కార్లు వెళ్ళిపోయాక, ఎండ కాస్త ఎక్కాక, వీధి చివర కుడివైపు తిరిగి మేపుల్ చెట్లున్న సందులో రెండు చుట్లు. గోడ పక్కన చక్కటి నడక దారి వేశారు, బెంచీలు కూడా పెట్టారు. ఆ వైపు మాత్రం వెళ్ళనిచ్చేదాన్ని కాదు. పడమటి గాలి తగ్గి తూర్పు నుంచి తిరిగితే ఆ రోజు మాకు పండగ, మూడో చుట్టు కూడా వేసేవాళ్ళం. ఎదురింటాయన కారు వేడెక్కడానికని స్టార్ట్ చేసి వదిలేసి లోపల కాఫీ తాగుతుంటే, వెళ్ళి తలుపు కొట్టి ఆపించాను. అతను సారీ చెప్పాడు. మర్నాడు మళ్ళీ స్టార్ట్ చేసి వదిలేశాడు.

ఇంట్లో గాలి కొలిచే చిన్న డబ్బా ఒకటి తెప్పించుకున్నాం. బయట రోడ్డుని తిట్టుకుంటూ నేను లోపల ఎండుమిరపకాయలు వేయించగానే ఆ డబ్బా ఎర్రబడి కీచుమంది. ఆయన నవ్వబోయి దగ్గులో పడ్డారు. అప్పటి నుంచి పోపు గ్యారేజీలోకి మారింది. చలికాలం కోటు వేసుకుని, గ్యారేజీ తలుపు పైకెత్తి, కరెంటు పొయ్యి మీద ఆవాలు చిటపటలాడించి, గిన్నె పట్టుకుని లోపలికి పరుగెత్తేదాన్ని. పప్పులో కలిపేసరికి పోపు చల్లారిపోయేది. ఆయన ఏమీ అనేవారు కాదు. అదివరకు కూరలో ఉప్పు చిటికెడు తగ్గితే కంచం పక్కకి నెట్టిన మనిషి.

అడవులు తగలబడి పొగ ఇక్కడిదాకా దిగిన వేసవిలో మ్యాపు మొత్తం ఒకే రంగైపోయింది. సూర్యుడు నారింజ పండులా కనబడ్డాడు. ఊరంతా మాస్కులు పెట్టుకుని, అయ్యో ఏం గాలి ఇది అని ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఏడాది పొడుగునా మా ఆయన పీలుస్తున్న గాలి గురించి వీళ్ళలో ఒక్కరూ అనుకోలేదే! "అక్కడికి వచ్చేస్తాం, అక్కడెలా ఉంది?" అని అమ్మాయిని అడిగితే, "హియర్ ఆల్సో సేమ్, అమ్మా" అంది. కిటికీలకి టేపు అంటించి, తడి దుప్పట్లు కట్టి, నాలుగు గోడల మధ్య కూర్చున్నాం. ఆ రోజుల్లో నడక ఆగిపోయింది. పొగ పోయాక మళ్ళీ మొదలుపెడితే రెండు చుట్లు ఒక చుట్టు అయిపోయాయి. పోయిన చుట్టు మళ్ళీ రాలేదు.

అప్పుడే నాకు బుర్రలో వెలిగింది. నడిచే గంటసేపటికి ఇన్ని లెక్కలు చూస్తున్నాం, రాత్రంతా పడుకునే గది సంగతేమిటి? మంచం ముందు గదిలోకి మారుద్దాం అన్నాను. కింద మా ముందు గది ఈశాన్యం. అందులో దేవుడి మందిరం ఉంది.

"దేవుడి గదిలో మంచం వేస్తావా? మతి ఉండే మాట్లాడుతున్నావా?" అన్నారు.

"దేవుడికి ఊపిరాడక ఇబ్బందేం లేదండీ, ఇబ్బంది మీకు. కావాలంటే ఆయన్ని నైరుతికి పంపుదాం, హాయిగా పడుకుంటారు."

"నోటికి ఎంతొస్తే అంత అనకే."

ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. తర్వాత ఒకసారి ఊపిరి బాగా తగ్గిపోయి ఆసుపత్రిలో పెట్టాల్సి వచ్చింది. ఇంటికొచ్చాక మెట్ల దగ్గర ఆగి, "ఆ ముందు గదిలోనే వెయ్యి" అన్నారు. నేను గెలిచాను. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

వాటర్లూకి అవతల ఒక చిన్న ఊళ్ళో అమ్మాయి ఒక ఇల్లు చూసింది. మెట్లు లేవు. హైవేకి చాలా దూరం. మ్యాపులో ఆ ఊరిమీద రంగే లేదు, తెల్లకాగితంలా ఉంది. వీడియోలో ఇల్లంతా చూపిస్తుంటే నేను భయపడుతూ ఆయన మొహంలోకి చూశాను, ఎందుకంటే అది దక్షిణ ముఖం. "ఏ దిక్కైతే ఏముందిలే. అక్కడికెళ్తే ఇంకో రెండు చుట్లు నడుస్తానేమో" అన్నారు. ఆ మాట వినగానే నాకు ఆయన మీద అంతకుముందున్న కోపమంతా పోయింది. కానీ ఇది అమ్మితేనే అది కొనగలం. ఇల్లు అమ్మకానికి పెట్టాం. ఆయన ఊపిరి ఇక ఆ అమ్మకం మీదే ఆధారపడి ఉంది.

ఎవరొస్తారు? వచ్చినవాళ్ళు పెరటి తలుపు తెరవగానే హోరు విని, మర్యాదగా నవ్వి వెళ్ళిపోయేవారు. "మనవాళ్ళకే అమ్మాలి మేడమ్. తూర్పు ముఖమనగానే మిగతావేవీ పట్టించుకోరు" అన్నాడు ఏజెంటు. మాకు ఈ ఇల్లు ఇప్పించినవాడే. తాను ఏమన్నాడో అతనికి తెలిసినట్టు లేదు.

ఆకులు రాలే కాలంలో ఒక జంటని తీసుకొచ్చాడు. హైదరాబాద్ పిల్లలు, ఇద్దరూ ఐటీ. అబ్బాయి డ్రైవ్‌వే మధ్యలో నిలబడి, ఫోన్ అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిరిగాడు. ముందు గది కిటికీలోంచి మా ఆయన అది చూశారు, నేనూ చూశాను. అబ్బాయి మొహం వెలిగిపోయింది. "పర్‌ఫెక్ట్ ఈస్ట్!" అని అక్కడినుంచే కేకేశాడు.

ఆ అమ్మాయి కడుపుతో ఉంది. మెల్లగా మెట్లెక్కి నాతో వెనక గదిలోకి వచ్చింది. మంచం తీసేశాక ఆ గది ఇంకా పెద్దదిగా కనబడుతోంది. "నైరుతి కదా ఆంటీ, మాస్టర్ బెడ్‌రూమ్ ఇక్కడే రావాలి. బేబీ క్రిబ్ ఈ కిటికీ పక్కన పెట్టుకోవచ్చు" అంది. నేను ఆపేలోపే కిటికీ తెరిచింది. కళ్ళు మూసుకుని, నిండుగా ఊపిరి పీల్చి, "గాలీ వెలుతురూ బాగా వస్తున్నాయి కదా ఆంటీ!" అంది.

కింద ఏజెంటు అబ్బాయికి ఆఫర్ గురించి చెబుతున్నాడు. మాట నాకు వినిపిస్తూనే ఉంది. నేను నోరు మూసుకుని ఉంటే చాలు. ఏమీ అబద్ధం చెప్పనక్కర్లేదు. ఊరుకుందామనే అనుకున్నాను. కానీ ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి వేసుకుని ఇంకోసారి పీల్చింది.

"కిటికీ మూసెయ్యమ్మా" అన్నాను. ఫోన్ తీసి రెండో మ్యాపు చూపించాను. ఊదారంగు చార, మా పైకప్పు, ఈ గది. కింద గదిలో మా ఆయన ఎలా ఉన్నారో చెప్పాను. డాక్టరు చెప్పిందీ చెప్పాను, దీని వల్లేనని ఎవరూ అనలేదని కూడా చెప్పాను. ఆ పిల్ల మొహం పాలిపోయింది. "థ్యాంక్యూ ఆంటీ" అని నా చెయ్యి పట్టుకుంది. పది నిమిషాల్లో వెళ్ళిపోయారు.

ఏజెంటు గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఏంటి మేడమ్ ఇది? చేతికొచ్చిందాన్ని మీరే పాడుచేసుకుంటే నేనేం చేయను?" అన్నాడు. నేను తలుపు వేసేశాను.

లోపలికి వెళ్తే మా ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఇల్లు చిన్నది, అంతా వినబడుతుంది.

"చెప్పేశావా?"

"చెప్పేశాను."

ఆయన వీధిలోకి చూశారు. "నేనైతే చెప్పేవాణ్ణి కాదే" అన్నారు. కోపంగా అనలేదు, అలా అని ఊరికే కూడా అనలేదు. ఆయనకి బతకాలని ఎంత ఉందో నాకు ఆ మాటతో తెలిసింది. ఇన్నేళ్ళు కాపురం చేసి, అంతకుముందు నాకు అంత బాగా తెలియలేదు. కాసేపటికి, "ఆ అమ్మాయికి ఎన్నో నెలట?" అని అడిగారు.

ఆ తర్వాత ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్ళు లేరు. వాటర్లూ అవతలి ఇంటిని ఇంకెవరో కొనుక్కున్నారు. చలికాలం గడిచేసరికి ఆయనకి ఇంట్లోనే ఆక్సిజన్ మిషన్ పెట్టాల్సి వచ్చింది. ఆసుపత్రికి దూరంగా ఎక్కడికీ వెళ్ళొద్దని డాక్టరమ్మ చెప్పేసింది. అమ్మకం బోర్డు మేమే పీకించేశాం.

వేసవి మొదట్లో ఒక ఆదివారం తలుపు తీస్తే ఆ జంటే. అమ్మాయి చేతిలో కుంకుమభరిణె, అబ్బాయి చేతుల్లో నెలల పాప. గృహప్రవేశానికి పిలవడానికి వచ్చారు. కడుపుతో ఉండగా చేయకూడదని పెద్దవాళ్ళు అన్నారట, అందుకని డెలివరీ అయ్యాక పెట్టుకున్నారట. సంతోషమమ్మా, ఎక్కడ తీసుకున్నారు అని అడిగాను. అబ్బాయి వీధిలోకి చెయ్యి చూపించాడు. మా వరసలోనే, మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. అదే తూర్పు ముఖం, అదే గోడ.

నేను పాప వంక చూశాను.

"మీరు చెప్పాక చాలా ఆలోచించామాంటీ" అంది అమ్మాయి. "మా ఆయన రోజూ మ్యాప్ చెక్ చేశారు. ఎప్పుడు చూసినా గ్రీనే ఉంది. అందుకే ధైర్యం చేశాం."

"అది ఊరంతటికీ ఒకటే అంకె తల్లీ! ఆ యంత్రం ఇక్కడ లేనే లేదు. నేను నీకు చూపించింది అది కాదు" అన్నాను. గొంతు పెరిగిపోయింది, పాప ఉలిక్కిపడింది.

"ఆ రెండోది అఫీషియల్ కాదు కదా ఆంటీ" అన్నాడు అబ్బాయి నెమ్మదిగా, నన్ను ఊరుకోబెడుతున్నట్టు.

మా ఆయన కుర్చీలోంచే, మాట మాటకీ ఆగుతూ, "పాపని... ముందు గదిలో పడుకోబెట్టు నాయనా" అన్నారు.

"ముందు గది ఈశాన్యం కదా అంకుల్. పూజ రూమ్ పెట్టుకున్నాం" అన్నాడు.

అమ్మాయి నాకు బొట్టు పెట్టి, వంగి మా ఆయన కాళ్ళకి దండం పెట్టింది. ఆయన పాప తల మీద చెయ్యి వేశారు.

ఇప్పుడు ఎండ బాగుంటే ఆ పిల్ల పాపని స్ట్రోలర్ బండిలో తోసుకుంటూ మా ఇంటి ముందు నుంచి గోడ పక్క దారికి వెళ్తుంది. మొదట్లో రెండు మూడుసార్లు ఎదురెళ్ళి చెప్పాను. ఇప్పుడు నన్ను చూడగానే తనే నవ్వుతూ ఫోన్ ఎత్తి చూపిస్తుంది. "గ్రీన్ ఆంటీ!"

నిన్న కూడా అలాగే వెళ్ళింది. మా ఆయన కిటికీ దగ్గర కూర్చుని, ఆ స్ట్రోలర్ మలుపు తిరిగేదాకా చూశారు.

"మ్యాపులో ఏముందే?" అని అడిగారు.

మొదటిది తెరిచాను. రెండోది తెరవబుద్ధి కాలేదు. "పచ్చగానే ఉందండీ" అన్నాను.

"అయితే ఆ కిటికీ కాస్త తియ్యి."

ఏళ్ళ తరబడి ఈ ఇంట్లో ప్రతి కిటికీ మూసినదాన్ని నేనే. టేపు అంటించినదాన్ని నేనే. లేచి వెళ్ళి తీశాను. ఆయన ముక్కుకున్న గొట్టం పక్కకి జరుపుకుని, కళ్ళు మూసుకుని, పీల్చగలిగినంత పీల్చారు. అది ఎంతో లేదు.

"గాలి బాగా వస్తోందే" అన్నారు.